పాత కారులో చార్జింగ్ లోపం: మీటరుతో వరుసగా వెతికే పద్ధతి

పాత కారు పొద్దున్నే సెల్ఫ్ అందుకోలేదంటే మొదటి నింద బ్యాటరీ మీదే పడుతుంది. కొత్త బ్యాటరీ వేయిస్తారు. నెల తిరగకముందే అదీ దిగిపోతే ఇంజన్ తిరుగుతున్నప్పుడు కరెంటు పుట్టించి బ్యాటరీని నింపే ఆల్టర్నేటర్ విప్పించి బ్రష్షులు మార్పిస్తారు. అప్పటికీ హెడ్‌లైట్లు మినుకుమినుకుమంటూనే ఉంటే ఇక బండి పని అయిపోయిందని తేల్చి అమ్మకానికి పెడతారు. ఇంత ఖర్చయ్యాక చూస్తే, ఇంజనును బాడీతో కలిపే ఎర్త్ పట్టీ ఒక చివర తుప్పు పట్టి ఉంటుంది. విశాఖపట్నం వంటి సముద్రతీర నగరంలో, అందులోనూ బీచ్ రోడ్డు, లాసన్స్ బే కాలనీ, పెదవాల్తేరు వైపు ఆరుబయట నిలిపే బండ్లలో, లోపం విడిభాగంలో కంటే రెండు లోహాలు కలిసే చోట ఉండే అవకాశమే ఎక్కువ. గాలిలోని ఉప్పు తేమను పట్టి ఉంచుతుంది. ఆ తేమకు రాగి తీగ పచ్చగా చిలుము పడుతుంది, ఇనుప బోల్టు తుప్పెక్కుతుంది, పైకి బిగుతుగా కనిపించే జాయింటు లోలోపల కరెంటుకు అడ్డుగా మారుతుంది. కాబట్టి ఫలానా చోట ఇన్ని వోల్టులు పోతున్నాయని మీటరు చూపేదాకా ఏ భాగాన్నీ మార్చకూడదన్న నియమం మీదే ఈ పద్ధతి అంతా నడుస్తుంది.

ఇక్కడి వివరాలు మారుతి 800, అంబాసడర్, ప్రీమియర్ పద్మిని, పాత మహీంద్రా జీపు వంటి 12 వోల్టుల బండ్లకు, అంటే చార్జింగు మీద కంప్యూటరు పెత్తనం లేని కాలపు వాహనాలకు వర్తిస్తాయి. కొత్త కార్లలో చార్జింగ్ వోల్టేజీని కంప్యూటరు అవసరాన్ని బట్టి పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది కనుక అక్కడ ఈ అంకెలు యథాతథంగా సరిపోవు.

పనిముట్లు పెద్దగా అక్కర్లేదు. ఒక డిజిటల్ మల్టీమీటరు, సూది మొన ఉన్న 12 వోల్టుల టెస్ట్ లైటు, మూతలు తెరుచుకునే బ్యాటరీ అయితే లోపలి ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటరు, తగిన స్పానర్లు, వైరు బ్రష్షు, ఎమెరీ కాగితం, కాస్త వేజ్‌లిన్ ఉంటే చాలు.

పని మొదలుపెట్టే ముందు చేతి ఉంగరం, కడియం, లోహపు గొలుసు ఉన్న గడియారం తీసి పక్కన పెట్టాలి. బ్యాటరీ పాజిటివ్‌కూ బాడీకీ మధ్య ఉంగరం తగిలితే క్షణంలో ఎర్రగా కాలి వేలిని కాలుస్తుంది. బ్యాటరీ విప్పేటప్పుడు నెగటివ్ వైరును ముందు తీయాలి, బిగించేటప్పుడు దాన్నే చివర పెట్టాలి. చార్జవుతున్న బ్యాటరీ నుంచి హైడ్రోజన్ వాయువు వస్తుంది కాబట్టి దగ్గరలో బీడీ, అగ్గిపుల్ల, నిప్పురవ్వ ఏదీ ఉండకూడదు. మరొక మాట కూడా గట్టిగా చెప్పాలి. ఇంజన్ నడుస్తుండగా బ్యాటరీ వైరు పీకేసి, బండి ఆగకపోతే చార్జింగ్ బాగున్నట్టేనని తేల్చే అలవాటు కొందరు మెకానిక్కులలో ఇంకా ఉంది. అది ఆల్టర్నేటర్లకు ముందు వాడిన డైనమోల కాలం నాటి అలవాటు. ఆల్టర్నేటర్ ఉన్న బండిలో అలా చేస్తే ఒక్కసారిగా ఎగిసే వోల్టేజీకి దాని లోపలి డయోడ్లు (కరెంటును ఒకే దిక్కున పోనిచ్చేవి), వోల్టేజీని అదుపు చేసే రెగ్యులేటరు, టేపురికార్డరు వరుసగా పోవచ్చు. మీ కళ్ళ ముందు ఎవరైనా ఆ పని చేయబోతే మర్యాద పక్కన పెట్టి ఆపండి.

సెల్ఫ్ శబ్దం ఏం చెబుతుంది

మీటరు తీయకముందే కొంత తెలుసుకోవచ్చు. తాళం తిప్పగానే టకటకమని వేగంగా శబ్దం వస్తూ ఇంజన్ తిరగకపోతే, సెల్ఫ్ మోటారుకు కరెంటు కలిపే అయస్కాంతపు స్విచ్చి అయిన సొలినాయిడ్ పట్టుకునేంత వోల్టేజీ ఉండి మోటారు లాగేసరికి అది పడిపోతోందని అర్థం. బ్యాటరీ దిగిపోయి ఉండాలి, లేదా టెర్మినళ్ళు సరిగా అందడం లేదు. ఒక్కసారి గట్టిగా టక్కుమని ఆగిపోతే సొలినాయిడ్ లోపలి కాంటాక్టులను, సెల్ఫ్ మోటారును, దాని లావు వైరును అనుమానించాలి. అసలు శబ్దమే లేకపోతే ఇగ్నిషన్ స్విచ్చి నుంచి సొలినాయిడ్‌కు వెళ్ళే సన్న వైరు వైపు వెతకాలి. ఇదే సమయంలో హెడ్‌లైట్లు వేసి ఉంచి తాళం తిప్పి చూడటం మంచిది: వెలుతురు పూర్తిగా చచ్చిపోతే లోపం బ్యాటరీ, టెర్మినళ్ళ వైపు; వెలుతురు ఏమాత్రం తగ్గకుండా సెల్ఫ్ మాత్రం కదలకపోతే లోపం సెల్ఫ్ వైపు.

బ్యాటరీ

బ్యాటరీని కొలవడానికి సరైన వేళ తెల్లవారిన తర్వాత, బండి ఇంకా కదలనప్పుడు. రాత్రి తిరిగి వచ్చిన వెంటనే కొలిస్తే ప్లేట్ల మీద నిలిచిన తాత్కాలిక చార్జి వల్ల అంకె ఎక్కువగా కనిపించి మోసం చేస్తుంది. అప్పుడే చూడక తప్పకపోతే హెడ్‌లైట్లు రెండు నిమిషాలు వెలిగించి, ఆర్పి, కాసేపు ఆగి చూడాలి. ఆరు సెల్లులు కలిసిన బ్యాటరీ పూర్తిగా నిండి ఉంటే 12.6 నుంచి 12.7 వోల్టులు చూపుతుంది. 12.4 ఉంటే ముప్పాతిక, 12.2 ఉంటే సగం, 12.0 ఉంటే పావు మిగిలినట్టు లెక్క. చార్జి పెట్టినా 10.5 దగ్గరే నిలిచిపోతుంటే ఒక సెల్లు చచ్చిందనే అనుకోవచ్చు.

అయితే నిలకడగా ఉన్నప్పుడు చూపే అంకె సగం సాక్ష్యమే. బరువు పడినప్పుడు, అంటే కరెంటు లాగుతున్నప్పుడు, ఎంత నిలుస్తుందో చూడాలి. ఇగ్నిషన్ కాయిల్ పాజిటివ్ వైరు తప్పించి ఇంజన్ అందుకోకుండా చేసి, మీటరు ప్రోబులను బ్యాటరీ సీసపు స్తంభాల మీదే ఆనించి, ఇంకొకరిని తాళం తిప్పమనాలి. డీజిల్ జీపులో ఇంజన్ ఆపే స్టాప్ లాగి పట్టుకుంటే సరిపోతుంది. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ వోల్టేజీ 9.6 కంటే కిందికి పోకూడదు. 12.6 చూపిన బ్యాటరీ తిప్పగానే ఎనిమిదికి పడిపోతే దాని ప్లేట్ల పని అయిపోయినట్టే, లేదా సెల్ఫ్ మోటారు ఎక్కడో పట్టేసి అతిగా కరెంటు లాగుతోంది. మంచిదని తెలిసిన మరో బ్యాటరీతో ఇదే పరీక్ష చేస్తే ఆ రెండింటిలో ఏదో తేలిపోతుంది. మూతలున్న బ్యాటరీలో హైడ్రోమీటరు ఇంకా నమ్మదగిన సాక్షి. నిండు చార్జిలో ఆరు సెల్లులూ 1.250కి పైన, దాదాపు సమానంగా చూపాలి. ఒక్క సెల్లు మిగతావాటి కంటే 0.050కి మించి వెనకబడితే చార్జి పెట్టి లాభం లేదు.

నీళ్ళ సంగతి చెప్పకుండా వదలలేం. ఉక్కపోత ఊరు కావడం వల్ల ఇక్కడ చాలా ఇళ్ళలో ఏసీ ఉంది, ఏసీ నుంచి కారే నీళ్ళను సీసాల్లో పట్టి బ్యాటరీలో పోసే పొదుపరులూ ఉన్నారు. ఆ నీళ్ళు దుమ్ము పేరుకున్న రాగి, అల్యూమినియం రేకుల మీదుగా జారి వస్తాయి. బోరు నీళ్ళ లవణాల గురించి చెప్పనే అక్కర్లేదు. డిస్టిల్డ్ వాటర్ మాత్రమే, అదీ ప్లేట్లు మునిగి గీత అందేవరకే పోయాలి.

చార్జింగ్

బ్యాటరీ నిలబడిందని తేలాక ఇంజన్ స్టార్ట్ చేసి, ఐడ్లింగ్ కంటే కొంచెం ఎక్కువ వేగంలో ఉంచి, మళ్ళీ అవే స్తంభాల మీద కొలవాలి. 13.8 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటే ఆల్టర్నేటర్ తన పని చేస్తోంది. మే నెల ఎండలో వేడెక్కిన ఇంజనులో ఈ అంకె కాస్త తక్కువ వైపు ఉండటం సహజమే, చాలా రెగ్యులేటర్లు వేడికి వోల్టేజీని తగ్గించేలా తయారైనవి. తర్వాత హెడ్‌లైట్లు హై బీమ్‌లో, బ్లోయరు, వైపరు అన్నీ వేసి చూడాలి. అంత బరువు మీద కూడా 13.2కి దిగువకు రాకూడదు. ఇంజన్ తిరుగుతున్నా 12.6 దగ్గరే నిలిచి మెల్లగా తగ్గుతూ పోతుంటే చార్జింగ్ అసలు అందడం లేదు. 15 దాటితే అది మరో ప్రమాదం: బ్యాటరీ నీళ్ళు వారానికోసారి తగ్గిపోతాయి, కుళ్ళిన గుడ్ల వాసన వస్తుంది, బల్బులు ఊరికే మాడిపోతాయి. రెగ్యులేటరు చెడినా ఇలా జరుగుతుంది, దాని ఎర్త్ సరిగా లేకపోయినా జరుగుతుంది. అందుకే మార్చే ముందు దాని ఎర్త్ చూడాలి.

చార్జింగ్ అందడం లేదంటే ముందు బెల్టు చూడాలి. రెండు పుల్లీల నడుమ బొటనవేలితో గట్టిగా నొక్కితే సుమారు 10 మిల్లీమీటర్లు దిగాలి. పక్కలు అద్దంలా మెరుస్తుంటే బిగించినా జారుతుంది, మార్చడమే మేలు. వానలో బయల్దేరగానే కీచుమనే శబ్దం సాధారణంగా దీనిదే. మరీ బిగిస్తే బేరింగు పోతుంది.

ఆ తర్వాత డ్యాష్‌బోర్డు మీది ఎర్ర బ్యాటరీ దీపం. దీన్ని చాలామంది హెచ్చరిక దీపంగానే చూస్తారు, కానీ చాలా పాత బండ్లలో ఆల్టర్నేటర్ లోపల తిరిగే రోటరుకు మొదటి కరెంటు అందేది ఈ బల్బు గుండానే. బల్బు మాడితే ఆల్టర్నేటర్ మేల్కోకపోవచ్చు. తాళం తిప్పి ఇంజన్ స్టార్ట్ చేయకుండా ఉన్నప్పుడు ఈ దీపం తప్పనిసరిగా వెలగాలి. వెలగకపోతే ఆల్టర్నేటర్ వెనక ఉన్న సన్నని దీపపు వైరును ఊడదీసి బాడీకి ఆనించాలి. దీపం వెలిగితే బల్బు, వైరు బాగున్నాయి, లోపం ఆల్టర్నేటర్ లోపల బ్రష్షులలోనో రెగ్యులేటరులోనో ఉంది. వెలగకపోతే బల్బు, ఫ్యూజు, వైరులలో ఒకటి పోయింది. బోల్టుతో బిగించిన లావు వైరును మాత్రం పొరపాటున కూడా బాడీకి తాకించకూడదు. దానిలో తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు నేరుగా ఉంటుంది.

ఇంజన్ నడుస్తుండగా ఆ దీపం మసకగా వెలుగుతూ ఉంటే డయోడ్లను అనుమానించాలి. మీటరును ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) వోల్టులకు తిప్పి బ్యాటరీ స్తంభాల మీద పెడితే అర వోల్టుకు మించి చూపకూడదు. మించితే డయోడ్ చెడిందనే చెప్పవచ్చు. రాత్రంతా కదలని బండిలో పొద్దున ఆల్టర్నేటర్ వీపు చేతికి వెచ్చగా తగిలితే ఇదే అనుమానం బలపడుతుంది, ఎందుకంటే షార్ట్ అయిన డయోడ్ గుండా బ్యాటరీ రాత్రంతా వెనక్కి కారుతోంది.

డైనమో ఉన్న పాత అంబాసడర్, జీపుల లెక్క వేరు. వాటిలో ఐడ్లింగ్‌లో ఎర్ర దీపం వెలగడం తప్పు కాదు, వేగం పెంచితే ఆరాలి. ఆరకపోతే డైనమో రెండు వైర్లు తీసి, ఆ రెండు టెర్మినళ్ళను ఒక చిన్న వైరుతో కలిపి, వాటికీ బాడీకీ మధ్య మీటరు పెట్టి ఇంజన్ వేగాన్ని మెల్లగా పెంచాలి. వోల్టేజీ కుదుపు లేకుండా పెరిగితే డైనమో మంచిదే, డైనమోకూ బ్యాటరీకీ మధ్య ఉండే కటౌట్ పెట్టెను చూడాలి. 20 వోల్టులు దాటనివ్వకూడదు.

వోల్టేజీ ఎక్కడ పోతోంది

ఇది అసలైన పని, ఆటో ఎలక్ట్రీషియన్లలో కూడా చాలామంది దాటవేసే పని. కుళాయి కట్టి ఉన్నంతసేపు పైపులో ఎంత చెత్త అడ్డుపడి ఉన్నా ఒత్తిడి నిండుగానే తెలుస్తుంది, తిప్పినప్పుడే ధార సన్నబడుతుంది. వైర్లూ అంతే. ముప్పై పోగుల్లో ఒక్క పోగు మిగిలిన వైరు కూడా బరువు లేనప్పుడు మీటరు మీద నిండుగా 12 వోల్టులు చూపుతుంది. ఒక జాయింటులో 0.05 ఓముల అడ్డు ఉందనుకుందాం. ఒక ఆంపియరు పారినప్పుడు అక్కడ పోయేది 0.05 వోల్టు, ఎవరికీ పట్టదు. సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లు లాగినప్పుడు అదే జాయింటులో 5 వోల్టులు పోతాయి, ఇంజన్ కదలదు. అందుకే బండి నిలిపి ఓముల్లో కొలిచి అంతా బాగుందని చెప్పే మాటకు విలువ లేదు. కరెంటు పారుతుండగానే, ఒకే వైరు రెండు చివరల మధ్య వోల్టులు కొలవాలి.

పద్ధతి ఇది. ఇంజన్ నిమిషానికి సుమారు 2000 చుట్ల వేగంలో తిరుగుతూ, హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి ఉండగా, ఒక ప్రోబును ఆల్టర్నేటర్ లావు వైరు బోల్టు మీద, రెండోదాన్ని బ్యాటరీ పాజిటివ్ స్తంభం మీద పెట్టాలి. 0.3 వోల్టుకు మించి చూపితే ఆ దారిలో ఎక్కడో అడ్డు ఉంది. తర్వాత ఒక ప్రోబును ఆల్టర్నేటర్ ఒంటి మీద, మరొకదాన్ని నెగటివ్ స్తంభం మీద పెట్టాలి, ఇక్కడ 0.2 దాటకూడదు. అడ్డు ఉందని తేలాక ఒక ప్రోబును కదపకుండా, రెండోదాన్ని ఒక్కొక్క జాయింటు దాటిస్తూ దగ్గరికి తెస్తే, అంకె హఠాత్తుగా పడిపోయే చోటే దొంగ దొరికినట్టు. సీసపు స్తంభానికీ దాని మీది క్లాంపుకూ మధ్య కొలవడం మరచిపోకూడదు. పైకి తళతళలాడే క్లాంపు లోపలి వైపు నల్లని పొర కట్టి ఉండటం తరచుగా చూసేదే. సెల్ఫ్ కోసం, ఇంజన్ అందుకోకుండా చేసి తిప్పుతూ, పాజిటివ్ స్తంభం నుంచి సెల్ఫ్ మోటారు బోల్టు దాకా అర వోల్టు లోపు, నెగటివ్ స్తంభం నుంచి ఇంజన్ బ్లాకు దాకా 0.3 లోపు ఉండాలి.

నెగటివ్ వైపు మీద ఇంకాస్త నిలవాలి, ఎందుకంటే మన ఊరి బండ్లలో ఎక్కువ జబ్బులు అక్కడే ఉంటాయి. బ్యాటరీ నెగటివ్ నుంచి కరెంటు బాడీకి ఒక దారిన, ఇంజను లేదా గేర్‌బాక్సుకు ఒక దారిన పోతుంది. ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది కాబట్టి ఆ రెండో పట్టీ తెగితే కరెంటు వేరే దారి వెతుక్కుంటుంది: యాక్సిలరేటరు కేబులు, క్లచ్ కేబులు, స్పీడోమీటరు కేబులు గుండా పారుతుంది. సెల్ఫ్ కొట్టాక క్లచ్ కేబులు చేతికి వేడిగా తగిలినా, ఏటా ఒక కేబులు కారణం లేకుండా మాడిపోతున్నా ఎర్త్ పట్టీ చూడాల్సిందే. దీన్ని నిరూపించడానికి చౌకైన ఉపాయం ఒకటుంది. జంపర్ కేబులు ఒక చివరను బ్యాటరీ నెగటివ్‌కు, మరో చివరను ఇంజన్ మీది శుభ్రమైన ఇనుము మీద తగిలించి తాళం తిప్పాలి. అప్పటిదాకా మూలిగిన సెల్ఫ్ చురుగ్గా తిరిగితే ఇక వాదన లేదు.

ఎర్త్ బోల్టును విప్పినప్పుడు లగ్గు (వైరు చివరి లోహపు కొన) కింద గోధుమ రంగు పొడి రాలుతుంది, దాని కింద రంగు పొర, ఒక్కోసారి టింకరింగ్ చేసినప్పుడు పూసిన పుట్టీ కూడా కనిపిస్తాయి. లగ్గు రెండు ముఖాలనూ, అది కూర్చునే చోటునూ ఎమెరీ కాగితంతో తెల్లని లోహం మెరిసేదాకా రుద్దాలి. పళ్ళ వాషరు వేసి గట్టిగా బిగించాలి. వేజ్‌లిన్‌ను బిగించిన తర్వాత పైన పూయాలి గానీ ముందే రెండు లోహాల మధ్య దట్టంగా కుక్కకూడదు. లగ్గు పక్కన వైరు తొడుగును వేళ్ళతో నొక్కి చూడాలి. లోపల కరకరమంటే రాగి పచ్చని పొడిగా మారిపోయింది, ఎర్రటి రాగి కనిపించేదాకా కత్తిరించి కొత్త లగ్గు వేయాలి. బ్యాటరీ స్తంభాల మీది తెల్లని పూతను వంట సోడా కలిపిన నీళ్ళతో కడగవచ్చు, కానీ ఒక్క చుక్క కూడా సెల్లుల్లోకి పోకుండా మూతలు బిగించి ఉండాలి.

దీపాల విషయంలోనూ ఇదే సూత్రం. హెడ్‌లైట్ బల్బు దగ్గర వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుతురు సుమారు ముప్పై శాతం పడిపోతుంది. ఎక్కువ వాట్ల బల్బు వేసి దీన్ని సరిచేయాలనుకునేవారు స్విచ్చిని కరిగించుకుంటారు. బల్బు ఎర్త్ శుభ్రం చేసి, ఎక్కువ కరెంటు స్విచ్చి గుండా పారకుండా చేసే రిలే పెట్టించడమే సరైన మార్గం. బ్రేకు నొక్కితే ఇండికేటరు మసకగా వెలగడం, ఇండికేటరుతోపాటు వెనక దీపం కొట్టుకోవడం వంటి వింతలన్నిటికీ మూలం ఆ వెనక దీపపు గూటి ఎర్త్.

నిలిపిన బండిలో కారే కరెంటు

అన్నీ సరిగ్గా ఉన్నా రెండు మూడు రోజులు నిలిపితే బ్యాటరీ దిగిపోతుందంటే ఎక్కడో కరెంటు కారుతోంది. తాళం తీసి, తలుపులు మూసి, నెగటివ్ వైరు ఊడదీసి, మీటరును 10 ఆంపియర్ల గూటికి మార్చి, స్తంభానికీ వైరుకూ మధ్య వరుసలో పెట్టాలి. ఈ స్థితిలో తాళం తిప్పకూడదు, తిప్పితే మీటరు ఫ్యూజు పోతుంది. పాత బండిలో 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉండాలి. 300 ఉంటే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అయిదు రోజులు కూడా నిలవదు. ఎక్కువగా చూపితే ఫ్యూజులను ఒక్కొక్కటిగా పీకుతూ అంకె ఎప్పుడు పడిపోతుందో గమనించాలి. బండి కొన్నాక విడిగా బిగించిన స్టీరియో, సెంట్రల్ లాక్, రిమోట్ అలారం వైర్లను ముందు అనుమానించడం న్యాయం; వాటిని ఫ్యూజు పెట్టె దాటవేసి నేరుగా బ్యాటరీ నుంచి లాగినవారు తక్కువేమీ కాదు. ఫ్యూజులన్నీ పీకినా కారుతూనే ఉంటే, ముందు బ్యాటరీని పూర్తిగా వేరుచేసి, ఆల్టర్నేటర్ లావు వైరు ఊడదీసి దాని చివర టేపు చుట్టి, మళ్ళీ కొలవాలి. అప్పుడు ఆగితే డయోడ్లే.

ఏ లోపమూ లేకుండా దిగిపోయే బ్యాటరీ కూడా ఉంటుంది. సాయంత్రం వానలో ఎన్‌ఏడీ కూడలి దగ్గర నత్తనడకన కదులుతూ లైట్లు, వైపరు, బ్లోయరు అన్నీ వేసుకున్నప్పుడు, ఐడ్లింగ్‌లో ఆల్టర్నేటర్ ఇచ్చేది ఆ ఖర్చుకు చాలకపోవచ్చు. లోటు బ్యాటరీ భరిస్తుంది. రోజూ నాలుగు వీధులే తిరిగే బండి ఆ లోటును ఎప్పటికీ తీర్చుకోలేదు. అప్పుడప్పుడు భీమిలి దాకా ఒకసారి పోయి రావడమో, ఇంట్లో 3.5 ఆంపియర్ల చార్జరు పెట్టడమో దానికి మందు. పూర్తిగా దిగిపోయిన బ్యాటరీని తోసి స్టార్ట్ చేసి ఆల్టర్నేటర్‌తోనే నింపాలనుకోవడం ఆల్టర్నేటర్‌కు మంచిది కాదు.

ఇంత చూశాక లోపం ఆల్టర్నేటర్ లోపలే ఉందని తేలితే అప్పుడు గాజువాక ఆటోనగర్‌కో, నమ్మకమైన మరో వర్క్‌షాపుకో తీసుకువెళ్ళాలి. చార్జింగ్ లేదని మాత్రమే చెప్పకుండా, తెల్లవారి ఎంత చూపింది, ఇంజన్ మీద ఎంత చూపింది, లైట్లు వేస్తే ఎంతకు పడింది, ఎర్ర దీపం ఎలా ప్రవర్తించింది అన్నది కాగితం మీద రాసి ఇవ్వాలి. విప్పినప్పుడు బ్రష్షులతోపాటు స్లిప్ రింగుల మీది గాడిని, బేరింగులను, డయోడ్ ప్లేటును చూపించమని అడగాలి. మార్చిన పాత భాగాలు వెనక్కి తీసుకోవాలి. డబ్బు ఇచ్చే ముందు అక్కడే బండి స్టార్ట్ చేయించి, హై బీమ్, బ్లోయరు వేసి, బ్యాటరీ స్తంభాల మీద మీ మీటరుతో మీరే కొలిచి, అంకె 13.2కు పైనే నిలిస్తే బయల్దేరవచ్చు.